గరగల శిక్షణకి గ్రాంటు ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి

కోటిపల్లి_రేవు
ద్రాక్షారామం పక్కన మా ఊళ్లో కళాసంఘం ఉంది. 2022లో సొసైటీగా రిజిస్టర్ అయింది. గరగలు, అంటే అలంకరించిన అమ్మవారి కలశాలు, తలకెత్తుకుని ఆడేవాళ్లు, వీరభద్రుడి వీరనాట్యం వేసేవాళ్లు, డోలు వాయించేవాళ్లు అంతా కలిపి 22 మంది. వీరభద్రుడి ఖడ్గాలు, అంటే ఆటలో గడగడా చదివే స్తుతి పాఠాలు, మొదటి నుంచి చివరిదాకా తడుముకోకుండా చదివేవాళ్లు ఇప్పుడు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ అరవై దాటాయి. వాళ్లు ఉండగానే కుర్రాళ్లకి నేర్పించాలి. బ్యాంకులో లక్షా పది వేలు ఉన్నాయి. పాన్ ఉంది, రెండేళ్ల ఆడిట్ ఉంది. సంక్రాంతికి మూడు రోజుల ఉత్సవం పెట్టి, శిక్షణ కూడా అందులోనే కలిపేస్తే 6 లక్షలవుతుందని లెక్క వేశాం. ఎవర్ని అడగాలి? అందరూ ఢిల్లీలో బోలెడు స్కీములున్నాయంటారు గానీ ఒక్కదాని పేరూ చెప్పరు.

లంక_పొలం
ఊళ్లో చందా పుస్తకం తిప్పుకోవడమే మేలండి. ఢిల్లీ డబ్బు వచ్చేసరికి రెండు సంక్రాంతులు వెళ్లిపోతాయి.

ఖాతా_పుస్తకం
చందా పుస్తకం ఎలాగూ తిప్పాలి, ఎందుకో కింద చెప్తాను. ముందు రేవు గారు అడిగిన పేరు.

కేంద్ర సాంస్కృతిక శాఖలో కళా సంస్కృతి వికాస్ యోజన అని ఒక పెద్ద గొడుగు ఉంది. మీకు పనికొచ్చేది దాని కింద ఉన్న కల్చరల్ ఫంక్షన్ అండ్ ప్రొడక్షన్ గ్రాంట్. వర్క్‌షాపు, ఉత్సవం, సెమినార్, నాటకం, నృత్య ప్రదర్శన, అన్నిటికీ ఇదే. మామూలుగా 5 లక్షలు దాటదు, చాలా ప్రత్యేకమైన వాటికి 20 లక్షల దాకా వెళ్తుంది. సొసైటీ రిజిస్టరై మూడేళ్లు నిండాలి. మూడేళ్ల ఆడిటెడ్ లెక్కలు కావాలి, మీ దగ్గర రెండే ఉన్నాయంటున్నారు కాబట్టి ముందు మూడోది చేయించండి. ఎన్జీఓ దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే కేంద్ర పోర్టల్) నంబరు తప్పనిసరి. దానికి సంఘం పాన్‌తో పాటు కార్యవర్గంలో కనీసం ముగ్గురి పాన్, ఆధార్ ఇవ్వాలి.

అసలు చిక్కు డబ్బు వచ్చే తీరులో ఉంది. మొత్తం ఖర్చులో 75 శాతమే వాళ్లిస్తారు, 25 మీరు పెట్టుకోవాలి. ఆ ఇచ్చే 75నైనా ఒకేసారి ఇవ్వరు. శాంక్షన్ అయిన మొత్తంలో 75 శాతం ముందు, మిగతా 25 పనంతా అయి లెక్కలు పంపాక. 4 లక్షల పని అనుకోండి. గ్రాంటు 3 లక్షలు. ముందు చేతికొచ్చేది 2,25,000. మీ వాటా 1,00,000, ఆఖర్న రావాల్సిన 75,000 కూడా అప్పటికి మీరే సర్దాలి. అంటే 4 లక్షల పని మొదలెట్టడానికి మీ దగ్గర 1,75,000 ఉండాలి. మీకున్నది 1,10,000. ఆ తక్కువ పడే 65,000 కోసమే లంక_పొలం గారి చందా పుస్తకం.

లంక_పొలం
అదిగో, నేనన్నది అదే.

ఖాతా_పుస్తకం
మీరు చందానే చాలన్నారండి, నేను చందా కూడా కావాలంటున్నాను.

పద్యం_ప్రియుడు
ఇక్కడే చాలా సంఘాలు బోల్తా పడతాయి. శాంక్షన్ కాగితం చూడగానే 3 లక్షలు వచ్చేసినట్టే లెక్కేసి షామియానా, మైకు, మేకప్పు వాళ్లకి మాటిచ్చేస్తారు. రెండో విడత ఆలస్యమయ్యేసరికి కార్యదర్శి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. 75,000కి నెలకి 1,500. ఎనిమిది నెలలైతే 12,000, అది ఏ పద్దులోనూ రాయడానికి లేదు.

ఉప్పుటేరు
ఉత్సవం, శిక్షణ కలిపి ఒకే దరఖాస్తు మాత్రం పెట్టకండి. రెండూ విడదీయండి. ఒకే పనికి ఇంకో కేంద్ర శాఖ దగ్గర గానీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర గానీ గ్రాంటు తీసుకోలేదు, అడగలేదు అని సంతకం పెట్టాలి. కలిపేస్తే రేపు ఉత్సవానికి రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖని ఒక లక్ష అడగాలన్నా ఆ సంతకం అడ్డొస్తుంది. శిక్షణ కేంద్రానికి, ఉత్సవం ఊరికీ రాష్ట్రానికీ. ఇలా పంచుకుంటే దారులన్నీ తెరిచే ఉంటాయి.

కోటిపల్లి_రేవు
అర్థమైంది. శిక్షణ ఒక్కటే తీసుకుంటే బడ్జెట్ ఎలా రాయాలి? మేం రాసింది "శిక్షణ ఖర్చులు 3,00,000, ఇతరములు 1,00,000" అని.

ఖాతా_పుస్తకం
"ఇతరములు" అన్న మాట కొట్టేయండి. దరఖాస్తు చూసేవాళ్లు ముందు ఆ లైనే తీసేస్తారు. ప్రతి పద్దూ ఎంతమంది, రోజుకెంత, ఎన్ని రోజులు అన్న గుణకారంతో రాయండి. 20 మంది కుర్రాళ్లు, 30 రోజులు అనుకుని వేస్తున్నా:

గురువులు ఇద్దరు, రోజుకి 1,000 చొప్పున 60,000. వాద్యకారులు ముగ్గురు, 700 చొప్పున 63,000. భోజనం 25 మందికి రోజుకి 120 చొప్పున 90,000. వేషాలు, గజ్జెలు 20 మందికి 2,500 చొప్పున 50,000. ఖడ్గాల ఆడియో, వీడియో రికార్డింగు 40,000. ఆఖరి ప్రదర్శన వేదిక, మైకు, దీపాలు 60,000. రాకపోకలు 15,000. కరపత్రాలు, బ్యానర్లు 12,000. ఆడిట్ 10,000. మొత్తం 4,00,000.

వేషాలు, మైకు, రికార్డింగు, మూడింటికీ తలో మూడు కొటేషన్లు తీసి ఫైల్లో పెట్టండి. కొటేషన్ మీద తేదీ, కొట్టు ముద్ర ఉండాలి.

డోలు_దెబ్బ
700 ఏంటండి? డోలు మెడకేసుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వాయించేవాడికి 700, పక్కన నిలబడి చెప్పేవాళ్లకి 1,000? వీరణం (వీరనాట్యానికి వాయించే వాద్యం) మోగకపోతే ఒక్క కుర్రాడైనా అడుగు వేస్తాడా? తాషా డప్పు మీద పుల్ల దెబ్బ ఎక్కడ మారుతుందో అక్కడే అడుగు మారుతుంది. అది నేర్పేది వాయించేవాడే. వాళ్లని గురువుల కిందే రాయాలి.

ఖాతా_పుస్తకం
ఒప్పుకుంటున్నాను, పొరపాటు నాదే. ముగ్గురికీ 1,000 వేస్తే 90,000. 27,000 పెరుగుతుంది. ఎక్కడ తగ్గిద్దాం?

తెర_దీపం
ఆఖరి ప్రదర్శనలో. గరగలు వీధిలో తిరిగే కళ, వాటికి స్టేజీ ఎందుకు? ఇంటింటి ముందు ఆగాలి, బిందెలతో నీళ్లు పోయాలి, హారతి పట్టాలి. స్టేజీ ఎక్కిస్తే గరగ ఎత్తినవాడి చుట్టూ పది అడుగుల జాగా కూడా ఉండదు. జాతర రోజు వీధిలోనే చూపించండి, మైకు ఒక్కటి చాలు. 60,000లో 27,000 మిగులుతుంది, మొత్తం మళ్లీ 4 లక్షలే.

డోలు_దెబ్బ
ఇప్పుడు బాగుంది.

సఖినేటిపల్లి_లాకు
ఊరివాళ్లు బియ్యం, కూరగాయలు ఇస్తామంటారు కదా, అది మన 25 శాతంలో చూపించుకోవచ్చా?

ఖాతా_పుస్తకం
ఆ బస్తాకి ధర ఎవరు కట్టారు, రసీదేది అని ఆడిట్‌లో పేచీ వస్తుంది. బియ్యం ఇచ్చేవాళ్లని ఆ విలువ డబ్బుగా సంఘం ఖాతాలో వేయమనండి, మీరు రసీదివ్వండి, ఆ డబ్బుతో ఊళ్లో మిల్లులోనే బియ్యం కొని బిల్లు తీసుకోండి. అప్పుడిక ప్రశ్నలుండవు.

ఇంకొకటి. ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇవ్వకూడదు, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లదు. కళాకారుల పారితోషికం వాళ్ల వాళ్ల బ్యాంకు ఖాతాల్లోకే వెయ్యండి. 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. వేలిముద్ర వేసేవాళ్లుంటే పక్కన ఒక సాక్షి సంతకం పెట్టించండి.

లంక_పొలం
ఇన్ని కాగితాలు చూసుకునేసరికి గరగ ఎవడు ఎత్తుతాడండి?

ఖాతా_పుస్తకం
గరగ ఎత్తేవాళ్లని ఎత్తనివ్వండి. కాగితాలకి డిగ్రీ చదివిన కుర్రాణ్ని ఒకణ్ని పెట్టుకోండి. ఊరికొకడుంటాడు.

నేతచీర
కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేశారా? రేవు గారు ఆ మాట రాయలేదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడాదికోసారి ఇవ్వాలి. ఇవ్వకపోతే కొత్త కార్యదర్శి సంతకానికి విలువుండదు, బ్యాంకువాళ్లు కూడా మార్పు చెయ్యరు.

పేరు కూడా సరిచూసుకోండి. రిజిస్ట్రేషన్ పత్రంలో "శ్రీ వీరభద్ర", పాన్‌లో "వీరభద్ర", బ్యాంకులో "శ్రీవీరభద్ర" అని కలిపి. ఇంగ్లిషు స్పెల్లింగులో శ్రీకి ఒకచోట ఎస్‌ఆర్‌ఐ, ఇంకోచోట ఎస్‌ఆర్‌ఈఈ. పీఎఫ్‌ఎంఎస్‌లో (కేంద్రం డబ్బు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ) ఖాతా సరిపోల్చేటప్పుడు ఇవే ఆగిపోతాయి. శాంక్షనైన డబ్బు కూడా దీనివల్ల ఆగుతుంది. దరఖాస్తుకి ముందే అన్నిటిలో ఒక్కటే పేరు ఉండేలా చూసుకోండి.

కోటిపల్లి_రేవు
ఇప్పుడే తీసి చూశాను. పాన్‌లో "శ్రీ" లేదు!

నేతచీర
అయితే ముందు అది. పాన్ దిద్దించాకే దర్పణ్‌కి వెళ్లండి, తిరగేసి చేస్తే రెండుసార్లు చేసుకోవాలి.

తెర_దీపం
ఇంకో రెండు దారులు. ఆ గొడుగు కిందే రెపర్టరీ గ్రాంటు ఉంది, గురుశిష్య పరంపర కింద ఇస్తారు. గురువుకి నెలకి 15,000, శిష్యులకి వయసుని బట్టి 2,000 నుంచి 10,000 దాకా. 30 రోజుల శిబిరంలో ఖడ్గాల నోటిపాఠం పూర్తిగా రాదు, దానికి ఏడాదైనా పడుతుంది. అందుకని మొదట శిబిరం, అందులో నిలబడ్డ కుర్రాళ్లతో తర్వాత రెపర్టరీ. ఆ వరుసలో వెళ్తే దరఖాస్తుకి బలం ఉంటుంది.

రెండోది తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం, నాగపూర్‌లోని దక్షిణ మధ్య కేంద్రం. ఆంధ్ర రెండిట్లోనూ సభ్యరాష్ట్రం. వాళ్లు సంఘానికి గ్రాంటు ఇస్తారనుకోకండి. బృందాన్ని పిలిచి ప్రదర్శన చేయిస్తారు, పారితోషికం, ప్రయాణం ఇస్తారు. అయినా అక్కడ రెండు ప్రదర్శనల ఆహ్వానపత్రాలుంటే పెద్ద గ్రాంటు దరఖాస్తులో "గత అనుభవం" గడి నిండుతుంది. పేరు నమోదు చేసుకునేటప్పుడు ఐదు నిమిషాల వీడియో ఒకటి, మనుషుల సంఖ్య, వాద్యాల పేర్లు ఇవ్వాలి. వీడియో ఎడిట్ చెయ్యకండి, పాటలు కలపకండి. అసలు డోలు మోతే వినిపించాలి.

పద్యం_ప్రియుడు
ఖడ్గాలు చదివే ఆ ఇద్దరు పెద్దలకి విడిగా దరఖాస్తు పెట్టండి. 60 దాటి ఆదాయం తక్కువున్న కళాకారులకి కేంద్రం నెలకి 6,000 దాకా సాయం చేస్తుంది. అది సంఘానికి కాదు, మనిషికి. వయసు రుజువు, ఆదాయ ధ్రువపత్రం, పాత ప్రదర్శనల ఫొటోలు, పేపరు కత్తిరింపులు కావాలి. పాత ఫొటోలు ఊళ్లో ఎవరి గోడ మీదో వేలాడుతుంటాయి, వాటిని ఫోనుతో కాకుండా స్కాన్ చేయించండి.

సఖినేటిపల్లి_లాకు
తోలుబొమ్మలవాళ్లకి కూడా ఇవే వర్తిస్తాయా? మాధవపట్నం వైపు కొన్ని కుటుంబాలున్నాయి కదా.

తెర_దీపం
వాళ్లకి రెండు తలుపులు. బొమ్మ ఆడిస్తే సాంస్కృతిక శాఖ. బొమ్మ చేస్తే హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయం, అది జౌళి శాఖ కింద ఉంటుంది. చేసేవాళ్లు ముందు పహచాన్ కార్డు (చేతివృత్తి కళాకారుల గుర్తింపు కార్డు) తీసుకోవాలి, అది లేకుండా అక్కడ ఏదీ కదలదు. తోలు శుభ్రం చేసి, గీసి, చిల్లులు కొట్టి, రంగులేసే మనిషి, తెర వెనక ఆడించే మనిషి ఒకరే కావచ్చు. దరఖాస్తులు మాత్రం వేరు వేరుగా రాయాలి, ఒకదాని ఖర్చు ఇంకోదాంట్లో రాయకూడదు.

ఉప్పుటేరు
కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు, గురించి ఎవరూ ఎత్తలేదు. మన చుట్టూ ఓఎన్‌జీసీ ఉంది, గెయిల్ ఉంది, కాకినాడలో ఎరువుల కంపెనీ ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూలులో కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి ఉన్నాయి. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది.

మనవాళ్లు చేసే తప్పేంటంటే సంక్రాంతి ఉత్సవానికి స్పాన్సర్ చెయ్యమని వెళ్తారు. ఒక్కసారితో అయిపోయే వేడుకలు, అవార్డులు, ప్రకటనల్లాంటివి సీఎస్‌ఆర్ కింద చెల్లవని 2014లోనే కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్ ఇచ్చింది. అక్కడి అధికారికి ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేడు. అదే "రెండేళ్లలో మూడు ఊళ్లలో 60 మందికి శిక్షణ, ఖడ్గాల పూర్తిపాఠం రికార్డింగు" అని వెళ్తే అది ప్రాజెక్టు. ఆగస్టులో వెళ్లి ప్రయోజనం లేదు. ఏడాది ప్రణాళిక బోర్డు ముందుకెళ్లేది కొత్త ఆర్థిక సంవత్సరం దగ్గర, కాబట్టి జనవరి నుంచి మార్చి లోపు కాగితం వాళ్ల బల్ల మీద ఉండాలి.

లంక_పొలం
పెద్ద కంపెనీల గేటు దాటడమే కష్టం. మా పక్క రైసుమిల్లులు బోలెడు, వాళ్లకి ఈ 2 శాతం లేదా?

ఉప్పుటేరు
మంచి ప్రశ్న. మిల్లుల్లో చాలావరకు భాగస్వామ్య సంస్థలు. ఈ చట్టం కంపెనీలకే వర్తిస్తుంది, కాబట్టి వాళ్లిచ్చేది మామూలు విరాళమే. అదే భీమవరం చుట్టూ రొయ్యలు ఎగుమతి చేసేవాటిలో ప్రైవేట్ లిమిటెడ్‌లు ఉన్నాయి. సగటున 5 కోట్ల లాభం వస్తే 2 శాతం అంటే 10 లక్షలు. 50 లక్షల లోపు బాధ్యత ఉన్న కంపెనీకి సీఎస్‌ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే తేల్చేస్తుంది. ఆ బోర్డు అంటే ఒక్కోసారి అన్నదమ్ములు ఇద్దరే. వాళ్లలో ఒకరికి పద్యనాటకం ఇష్టమైతే చాలు. పెద్ద కంపెనీ చుట్టూ ఏడాది తిరిగేకన్నా ఇక్కడ అడగడం నయం.

సంఘానికి మాత్రం 12ఏ, 80జీ (1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం సంఘానికీ, దాతకీ పన్ను మినహాయింపునిచ్చే రిజిస్ట్రేషన్లు) రెండూ ఉండాలి, మూడేళ్ల పని చూపించాలి, సీఎస్‌ఆర్-1 ఫారం వేసి నంబరు తీసుకోవాలి. ఆ నంబరు లేనిదే ఏ కంపెనీ చెక్కు రాయదు.

నేతచీర
12ఏ అడిగేటప్పుడు నియమావళి చూస్తారు. సంఘం మూతపడితే ఆస్తి సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఆశయాలున్న ఇంకో సంఘానికి వెళ్లాలి అన్న నిబంధన ఉండాలి. పాత నాటక సంఘాల నియమావళిలో అది ఉండదు. సర్వసభ్య సమావేశం పెట్టి సవరించుకోవాలి. ఆశయాల్లో కూడా "గ్రామాభివృద్ధి, క్రీడలు" అని రాసుకుని కళల మాటే మర్చిపోయినవి ఉన్నాయి.

దూరదేశం
కోనసీమ నుంచి గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు డబ్బు పంపుతామంటే తీసుకోవచ్చా? ఆ 65,000 ఒక్క వాట్సాప్ మెసేజీకి వస్తుంది.

ఖాతా_పుస్తకం
పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. కువైట్‌లో, దుబాయ్‌లో పనిచేస్తున్నా భారత పౌరుడైతే తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా మీరు తీసుకుంటే నేరం. అక్కడి తెలుగు సంఘాలు పంపినా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్‌కి మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి. మీ సైజు సంఘానికి ఇప్పట్లో అది వద్దు.

80జీ వచ్చిందని రసీదు పుస్తకం మీద పెద్దగా వేయించేముందు ఇదీ తెలుసుకోండి. నగదుగా 2,000 దాటి ఇస్తే దాతకి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకి ఎంతిచ్చినా రాదు. ముందే చెప్పేస్తే తర్వాత మాటపడక్కర్లేదు.

పద్యం_ప్రియుడు
రిహార్సల్ హాలు కట్టుకోవడానికి కూడా కేంద్రం సాయం ఉంది. మెట్రోలు కాని చోట 25 లక్షల దాకా. కానీ స్థలం సంఘానికి పక్కా పత్రాలతో ఉండాలి. మన ఊళ్లలో అది గుడి మాన్యమో, కాలవగట్టు పోరంబోకో అయ్యుంటుంది, ఆ ఫైలు అక్కడే ఆగిపోతుంది.

వేదిక_నిర్వాహకుడు
ఒక హెచ్చరిక. "పది శాతం ఇవ్వండి, శాంక్షన్ చేయిస్తాం" అని ఫోన్లు వస్తాయి. 3 లక్షల్లో 30,000 ఇచ్చేస్తే ఆ లోటు ఏ బిల్లుతో పూడుస్తారు? దొంగ బిల్లుతోనే పూడ్చాలి. దాని మీద సంతకం మీది.

కోటిపల్లి_రేవు
ఇవ్వం. డబ్బు వచ్చి, పని అయ్యాక పంపాల్సిన లెక్కలేంటో కూడా చెప్తే బావుంటుంది.

ఖాతా_పుస్తకం
వినియోగ ధ్రువపత్రం, దాని ఫారం పేరు జీఎఫ్‌ఆర్ 12-ఏ. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసిన ఖర్చుల పట్టిక. ఫొటోలు, వీడియో, పేపరు వార్తలు. బ్యానర్ మీద సాంస్కృతిక శాఖ సహకారంతో అన్న మాట ఫొటోలో కనిపించాలి. గ్రాంటు డబ్బు మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీది కాదు, అది భారత్‌కోశ్ (కేంద్ర ప్రభుత్వానికి డబ్బు కట్టే పోర్టల్) ద్వారా వెనక్కి కట్టాలి. 400 రూపాయలే కదా అని వదిలేస్తే ధ్రువపత్రం వెనక్కొస్తుంది. పాత ధ్రువపత్రం బాకీ ఉంటే కొత్త గ్రాంటు ముట్టుకోనివ్వరు. శిబిరం ఆఖరి రోజునే ఓచర్లన్నీ తేదీల వరసలో కట్టేయండి, నెల గడిస్తే సగం దొరకవు.

తెర_దీపం
రికార్డింగు, పరిశోధన భాగానికి బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్‌ని కూడా చూడండి. ప్రభుత్వ సంస్థ కాదు. ప్రతిపాదన తెలుగులోనే రాసి పంపొచ్చు. మీలో ఖడ్గాల పాఠభేదాలు పోల్చి చూసే ఓపికున్న మనిషి ఉంటే అక్కడ వింటారు.

కోటిపల్లి_రేవు
దరఖాస్తులో "ప్రాజెక్టు ఉద్దేశం" దగ్గర ఇలా రాశాం: "అంతరించిపోతున్న మన ప్రాచీన సంస్కృతీ సంప్రదాయాలను భావితరాలకు అందించుటకై గరగ నృత్యం, వీరనాట్యం శిక్షణ ఇవ్వబడును." సరిపోతుందా?

పద్యం_ప్రియుడు
ఈ వాక్యం ప్రతి దరఖాస్తులోనూ ఉంటుందండి. మీ మొదటి పోస్టులో మీరే రాసిన మాట దీనికన్నా వెయ్యి రెట్లు బలంగా ఉంది. అదే పెట్టండి: "మా ఊళ్లో వీరభద్రుడి ఖడ్గాలు పూర్తిగా చదవగలవారు ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ 60 ఏళ్లు దాటాయి. 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 20 మందికి 30 రోజులు వీరిద్దరూ, ముగ్గురు వాద్యకారులూ నేర్పుతారు. ఖడ్గాల పాఠమంతా రికార్డు చేస్తాం. ఆఖరి రోజు జాతర వీధిలో ప్రదర్శన."

డోలు_దెబ్బ
"ముగ్గురు వాద్యకారులు" అని కాదు, "వీరణం, తాషా, డోలు గురువులు ముగ్గురు" అని రాయండి.

కోటిపల్లి_రేవు
మార్చాను. సోమవారం పాన్ సవరణకి వెళ్తున్నాం.